మంచులో పెట్టినా మాంసం ఎందుకు కుళ్ళుతుంది?

కొలరాడోలో ఉండే ఒకాయన అడిగారు. ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్ వేటకెళ్ళి ఎల్క్‌ని కొట్టాడట, చీకటి పడిందని రాత్రంతా మంచులోనే వదిలేసి పొద్దున్నే వెళ్ళి కోస్తే తొడ లోపల, ఎముక పక్కన కంపు కొడుతోందట, అంత చలిలో ఎలా కుళ్ళిందండీ అని. భలే ప్రశ్న. (ఎల్క్ అంటే పెద్ద జింక, మన కణుజుకి చుట్టమే, మగది 300 కిలోలు దాటుతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కణుజు జోలికెళ్తే జైలే, అక్కడ సీజన్లో లైసెన్సుతో కొట్టొచ్చు, ఆ తప్పొప్పుల చర్చలోకి నేను పోను.)

అసలు సంగతేంటంటే బయట చలి చాలక కాదు, లోపలి వేడికి బయటికొచ్చే దారి లేక కుళ్ళింది. చచ్చేటప్పటికి ఒంట్లో 38 డిగ్రీల పైనే ఉంటుంది, దాని మీద దుప్పటి లాంటి చలికాలపు బొచ్చు, పైగా పొట్టలో నెమరు సంచి. జంతువు చచ్చిపోయిందని ఆ సంచిలో సూక్ష్మజీవులకి ఎవరు చెప్తారు, అవి పులియబెడుతూనే ఉంటాయి, గ్యాసూ వేడీ పుడుతూనే ఉంటాయి. అందుకే పడిన వెంటనే పేగులు తీసేసి తోలు ఒలిచి నాలుగు కాళ్ళూ విడదీస్తారు. గొంతు కోసి రక్తం కార్చాలని కొందరు పాత వేటగాళ్ళు పట్టుబడతారు గానీ అది ఉత్త నమ్మకం, గుండె ఆగిపోయాక రక్తాన్ని పంపు చేసేదెవరు?

ఇప్పుడు నాకిష్టమైన చోటికొద్దాం. పులిహోర కలిపేటప్పుడు అన్నాన్ని గిన్నెలోనే ఉంచరు కదా, వెడల్పాటి పళ్ళెంలో పరుస్తారు. కాసేపాగి చూస్తే పళ్ళెంలోది ఆరిపోయి ఉంటుంది, గిన్నెలో మధ్యకి వేలు పెడితే ఇంకా చుర్రుమంటుంది. అన్నం అదే, గాలి అదే, మారింది మందం ఒక్కటే. ఇక్కడ తమాషా ఏంటంటే మందం సగమైతే టైమ్ సగం కాదు, నాలుగో వంతవుతుంది, ఎందుకంటే వేడి లోపల్నుంచి పాక్కుంటూ రావడానికి పట్టే కాలం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. మాంసంలో వేడి వ్యాపించే రేటు సెకనుకి సుమారు 0.13 చదరపు మిల్లీమీటర్లు. తొడ మధ్య నుంచి పైకి 10 సెంటీమీటర్లు, అంటే 100 మిల్లీమీటర్లనుకుంటే 100 వర్గం 10,000, దాన్ని 0.13తో భాగిస్తే దగ్గర దగ్గర 77,000 సెకన్లు, అంటే 21 గంటలు! అదే తొడని ఎముక వెంబడి చీల్చి తెరిస్తే దూరం 5 సెంటీమీటర్లే, 5 గంటల పైచిలుకు. బయట మైనస్ 5 ఉన్నా ప్లస్ 5 ఉన్నా ఈ లెక్క పెద్దగా మారదు. స్కూల్లో వర్గాలు, ఘనాలు అన్నీ బట్టీ పట్టించారు గానీ పులిహోర పళ్ళెం దగ్గర నిలబెట్టి ఒక్కసారి చూపించి ఉంటే ఎంత బావుండేది. అన్నట్టు అన్నం మీద విసనకర్రతో విసిరితే ఇంకా త్వరగా ఆరుతుంది, తడి ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. మూత పెడితే చెమ్మగిల్లుతుంది. మాంసాన్ని ప్లాస్టిక్ కవర్లో కుక్కకుండా పలచటి గుడ్డ సంచుల్లో కొమ్మలకి వేలాడదీసేది ఇందుకే.

అలాగని వెంటనే ఎముక తీసేసి చిన్న ముక్కలు చేసి మంచులో పడేస్తే ఇంకో తంటా. కండరం బిగుసుకోకముందే, ఏటీపీ (కండరానికి ఇంధనం లాంటిది) ఇంకా మిగిలి ఉండగానే 10 డిగ్రీల కిందకి పోతే లోపల కాల్షియం లీకై కండ గట్టిగా ముడుచుకుపోతుంది, ఎంత ఉడికించినా రబ్బరే. 1963లో న్యూజిలాండ్‌లో లాకర్, హాగ్యార్డ్ గొడ్డుమాంసంలో దీన్ని చూపించారు. ఎముక ఉంటే కండని పట్టి ఉంచుతుంది, ముడుచుకోనివ్వదు. కాబట్టి తెరవాలి, కానీ ఎముక మీదే కొన్ని గంటలు ఉంచాలి.

ఇక మోసుకు రావడం. మోంటానాలో బాబ్ మార్షల్ లాంటి వైల్డర్‌నెస్ అడవుల్లో (అంటే మనిషి చెయ్యి పడకుండా అలాగే కాపాడే అడవుల్లో) 1964 చట్టం వల్ల జీపులూ బైకులూ నిషేధం, గుర్రమో కంచరగాడిదో కావాల్సిందే. మనిషైతే వంపుల్లో ఒళ్ళు సర్దుకుంటాడు, మాంసం సర్దుకోదు, అందుకే ఒక్కో గుర్రానికి 70 కిలోల లోపే వేస్తారు. వెనక తొడలు రెండూ ఒకదానికి చెరో పక్క, ముందు కాళ్ళు ఇంకోదానికి. స్ప్రింగ్ త్రాసుతో తూచి మరీ కడతారు, ఒక పక్క కిలో రెండు కిలోలు ఎక్కువైనా మైళ్ళ తరబడి ఊగి ఊగి జీను ఆ పక్కకి తిరిగిపోతుంది, తేలిక పక్కన రాయి వేసైనా సరిచేస్తారు.

ఇంకోటి చాలామందికి తట్టదు, గుర్రం ఒళ్ళు కూడా 38 డిగ్రీలే! దాని పక్కటెముకలకి ఆనించి గంటల తరబడి మోయించడమంటే మాంసానికి హీటర్ తగిలించడమే. అందుకని రాత్రంతా వేలాడదీసి బాగా చల్లారనిచ్చి, పొద్దున చలి ఉండగానే కాన్వాసులో చుట్టి, మధ్యలో మందపాటి ప్యాడ్ వేసి బయల్దేరతారు. కొమ్ముల్ని అన్నిటికంటే పైన, మొనలు గుర్రానికి తగలకుండా కడతారు, ఒక్కసారి గుచ్చుకుందా అది ఎగిరి తన్ని మూటలన్నీ లోయలో పారేస్తుంది.