మహమ్మారి వెనకాలే వచ్చిన దిగులు

2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకొచ్చిన జ్వరం కరోనాయేనని నమ్మి ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసు కూడా లేదు. మొదటిది నెల్లూరులో బయటపడింది మార్చిలోనే. ఫోన్లో చైనా వీడియోలు చూసి, తన వల్ల ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందని భయపడి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదని అప్పటి వార్తలు చెప్పాయి.

ఇలాంటి భయం, దిగులు కరోనాతో పుట్టినవి కావు. 1918 ఫ్లూ మన దేశంలో కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఫ్లూ తగ్గాక మనసు చెదిరి బోస్టన్ మానసిక వైద్యశాలకు వచ్చిన 100 మంది గురించి 1919లోనే అమెరికా మానసిక వైద్యుడు కార్ల్ మెనింగర్ రాశాడు. నార్వేలో ఆ తర్వాత ఆరేళ్లపాటు ఫ్లూ కారణంగా మానసిక వైద్యశాలల్లో కొత్తగా చేరినవాళ్లు బాగా పెరిగారు. మన దగ్గర మాత్రం చనిపోయినవాళ్ల లెక్కే ఇప్పటికీ సరిగా తేలలేదు. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లో 65 ఏళ్లు దాటినవాళ్ల ఆత్మహత్యలు పెరిగాయి. పిల్లలకు భారమైపోతామన్న బెంగ, పలకరించే మనిషి లేకపోవడం వాళ్లను కుంగదీశాయి.

కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచంలో డిప్రెషన్ బాధితులు అదనంగా 5.3 కోట్ల మంది పెరిగారని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఆడవాళ్లకు, కుర్రకారుకు. బడి మూతపడితే పిల్లల చదువు, వంట, ముసలివాళ్ల సేవ అన్నీ ఇల్లాలి నెత్తినే పడ్డాయి కదా.

మన దగ్గర దీనికి కూలి పోవడం తోడైంది. లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి కల్లు, మందు దొరక్క చేతులు వణికేవాళ్లు, నిద్ర లేక పిచ్చెత్తినట్టు ప్రవర్తించేవాళ్లు క్యూ కట్టారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలో ఆత్మహత్యలు 2019లో 1,39,123 అయితే, 2021లో 1,64,033. అందులో సుమారు నాలుగో వంతు రోజుకూలీలే. ప్రతి చావుకూ కరోనాయే కారణమనలేం. కానీ పని ఆగి, అప్పు పెరిగి, రేపటికి బియ్యం ఉన్నాయో లేదో తెలియని మనిషి కుంగిపోతే దాన్ని ఒట్టి మనోవ్యాధిగా చూడటం అన్యాయం.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. బళ్లారిలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996 నుంచి దాన్ని జిల్లాలకు తీసుకెళ్లారు. అయినా 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ సర్వే చేస్తే డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో 80 మందికి పైగా వైద్యమే అందడం లేదని తేలింది. కరోనా వచ్చిపడింది ఈ కొరత మీదే.

2022 అక్టోబర్ 10న మనసు బాగోలేనివాళ్లకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా, డబ్బు కట్టకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు. కూలి పోయి కుంగినవాడికి ఈ ఫోన్‌తో పాటు పని, చేరువలో డాక్టరు, మందులు కూడా కావాలి.