గ్యాస్ కట్టేశానా? ఓసీడీ చికిత్సలో హిప్నాసిస్ స్థానం

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఇంటి నుంచి కాజీపేట జంక్షన్‌కు బయలుదేరిన ఒక గృహిణిని ఊహించుకుందాం. గ్యాస్ కట్టేసిన సంగతి ఆమెకు తెలుసు. రెగ్యులేటర్‌ను తన చేతితోనే తిప్పి మూసింది. అయినా ఆటో దారిలోని అదాలత్ సెంటర్ దాటకముందే "మూయలేదేమో" అన్న ఆలోచన పట్టుకుంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే గాని మనసు కుదుటపడదు, ఆ కుదురు కూడా మళ్లీ ఆటో ఎక్కేదాకానే ఉంటుంది, ఈలోగా రైలు వెళ్లిపోతుంది. ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తమంటారు, వైద్యులు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అంటారు. చాదస్తమనడం చాలా అన్యాయం. ఆ అనుమానానికి అర్థం లేదని అందరికంటే ముందు గ్రహించేది సాధారణంగా ఆ మనిషే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలోని వయోజనుల్లో దాదాపు 0.8 శాతం మందికి ఈ రుగ్మత ఉంది.

ఈ జబ్బులో రెండు ముడులున్నాయి. పిలవకుండా వచ్చి భయపెట్టే ఆలోచన ఒకటి, ఆ భయం తగ్గడానికి చేసే పని రెండోది. చూసి వచ్చిన ప్రతిసారీ కలిగే ఊరటే మెదడుకు "మళ్లీ చూడు" అని నేర్పుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెన్ హౌట్, కిండ్ట్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యవంతుల చేత కంప్యూటర్ తెర మీది గ్యాస్ స్టవ్‌ను పదేపదే తనిఖీ చేయించారు. వాళ్ల జ్ఞాపకం తప్పలేదు గాని, అది మసకబారింది, దాని మీద నమ్మకం సడలింది. అనుమానం తీర్చుకోవడానికి చేసే పనే అనుమానాన్ని పెంచుతోందన్నమాట.

అందుకే చికిత్స ఈ రెండో ముడి దగ్గర మొదలవుతుంది. 1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త, రోగులను వారు భయపడే పరిస్థితిలోనే ఉంచి, అలవాటైన తంతు చేయకుండా ఆపి, మంచి ఫలితాలు చూపించారు. ఆ పద్ధతి నేటికీ ప్రధాన చికిత్స. దానితోపాటు సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ వంటి మందులు ఇస్తారు. వాటి ప్రభావం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

ఇక హిప్నాసిస్. వేదికల మీది ప్రదర్శనలు చూసిన మనకు అది ఒకరి మనసును మరొకరు లోబరుచుకునే విద్యగా తోస్తుంది. 19వ శతాబ్దంలో ఆ పదాన్ని ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ దాన్ని మొదట ఒక రకమైన నిద్ర అనుకున్నారు. నిజానికి అది నిద్ర కాదు. ధ్యాస ఒకచోట నిలిచి, సూచనలను మనసు తేలిగ్గా స్వీకరించే మెలకువ. ఆ స్వీకరించే గుణం అందరికీ ఒకేలా ఉండదు. పిలవకుండా వచ్చే ఆలోచనను చెరిపేసే శక్తి హిప్నాసిస్‌కు లేదు, ఓసీడీ విషయంలో ఉన్న ఆధారాలు కూడా ఎక్కువగా ఒక్కొక్క రోగి వివరాలు, చిన్న పరిశీలనలు మాత్రమే. కాబట్టి దాన్ని ఒంటరి చికిత్సగా నమ్ముకోవడం తగదని నా అభిప్రాయం.

అయితే సహాయకంగా దానికి చోటుంది. ఆటో అదాలత్ దాటుతున్నట్టు, అనుమానం ఎగసినట్టు, తాను వెనుదిరగకుండా కూర్చున్నట్టు, కాసేపటికి ఆ ఎగసిపాటు దానంతట అదే తగ్గినట్టు ఆ గృహిణి హిప్నాసిస్‌లో స్పష్టంగా ఊహించగలిగితే, అసలు ప్రయాణానికి అది సాధన అవుతుంది. ఇక్కడొక ప్రమాదాన్ని గట్టిగా చెప్పాలి. "ఆలోచన వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని ఈ మాట అనుకో, శాంతిస్తావు" అని నేర్పితే, అదీ ఒక తంతు అయిపోతుంది. స్టవ్ దగ్గరికి వెళ్లడం మానేసి, ఆ మాట దగ్గరికి వెళ్లడం మొదలవుతుంది. "గ్యాస్ నిజంగా కట్టేశానో లేదో హిప్నాసిస్‌లో గుర్తు చేయండి" అని అడగడం అంతకన్నా హానికరం, ఎందుకంటే హిప్నాసిస్‌లో వచ్చిన జ్ఞాపకం నిజమైనదన్న భరోసా లేదు. జరగనిది జరిగినట్టు తోచవచ్చు.

ఎవరైనా ఈ దారిలో వెళ్లదలిస్తే ముందు మానసిక వైద్యులను కలవాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది; 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. హిప్నాసిస్ చేసేవారిని మాత్రం ఈ ఒక్క ప్రశ్న అడగాలి: "అనుమానం వచ్చినా వెనక్కి వెళ్లకుండా ఉండడం నాకు ఎలా నేర్పుతారు?"