ఊరి లెక్కలు: అపోహలు - వాస్తవాలు

పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కోసం గ్రామ సమాచార పట్టికలు తయారుచేయడం నా వృత్తి. ఒక ఊరి జనాభా ఎంత, అక్షరాస్యత ఎంత, వ్యవసాయ కూలీలు ఎందరు అన్న ప్రశ్నలకు నెట్‌లో క్షణాల్లో జవాబు దొరుకుతుంది. కానీ ఆ అంకె ఏ హద్దులకు, ఏ తేదీకి, ఎవరెవరిని కలుపుకొని చెప్పినదో చూసేవారు తక్కువ. బడి గదో మంచినీటి ట్యాంకో కావాలని పెట్టుకున్న అర్జీలో లెక్క తప్పుగా పడితే, నిజంగా అవసరం ఉన్న ఊరు కూడా కొర్రీలతో తిరిగి రావలసి వస్తుంది.

అపోహ: జనగణన పట్టికలోని ఊరూ, మన గ్రామ పంచాయతీ ఒకటే.

వాస్తవం: పల్లెల్లో జనగణనకు ప్రాతిపదిక రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో హద్దులు గీసి ఉన్న ఊరు. అసలు ఊరితో పాటు ఆ రెవెన్యూ హద్దుల్లో ఉన్న శివారు పల్లెలు, తండాలు, గూడేలు అన్నీ ఒకే వరుసలో కలిసిపోతాయి. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. అలాంటి తండా పేరు 2011 పట్టికలో కనబడకపోతే, దాన్ని లెక్కించలేదని కాదు, అక్కడి జనం పాత గ్రామం లెక్కలో ఉన్నారని అర్థం. దీనికి విరుద్ధంగా, పేరూ విస్తీర్ణమూ ఉండి జనాభా గడిలో సున్నా ఉన్న గ్రామాలూ ఉంటాయి. రెవెన్యూవారు బేచిరాగ్ అనేది వీటినే. అక్కడ పొలాలు సాగులో ఉండవచ్చు కానీ, కాపురముండే ఇల్లు ఒక్కటీ ఉండదు.

జిల్లా పేరుతో వెతికేవారికి మరో చిక్కు ఉంది. చింతూరు మండలంలోని ఊళ్లు 2011 లెక్కల్లో ఖమ్మం జిల్లాలో ఉన్నాయి. 2014లో అవి ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరి జిల్లాకు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారాయి. ఊరు కదలలేదు, పట్టికలో దాని చోటు మాత్రం మారింది. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లు జిల్లాకు ఎన్నో ఉంటాయి కాబట్టి, పేరును కాక 2011లో ప్రతి గ్రామానికీ ఇచ్చిన ఆరంకెల కోడ్‌ను పట్టుకుని వెతకడమే క్షేమం.

అపోహ: వెబ్‌సైట్లలో కనిపించే ఈ ఏటి గ్రామ జనాభా, కొత్తగా లెక్కించినది.

వాస్తవం: గ్రామాలవారీగా వెలువడిన చివరి జనగణన అంకెలు 2011 మార్చి 1 నాటివి. 2021లో రావలసిన లెక్క వాయిదా పడింది. తర్వాతి గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటిస్తూ 2025 జూన్ 16న నోటిఫికేషన్ వెలువడింది. ఈ మధ్య సంవత్సరాలకు ఆ సైట్లు చూపేవి పాత సంఖ్యకు ఏదో ఒక వృద్ధిరేటు కలిపి వేసిన అంచనాలు. యువత అంతా హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోయిన ఊరికి జిల్లా వృద్ధిరేటు అంటగడితే, లేని మనుషులు కాగితం మీద పుట్టుకొస్తారు.

అపోహ: అక్షరాస్యత శాతాన్ని మొత్తం జనాభా మీద కడతారు.

వాస్తవం: ఏడేళ్లు, ఆపై వయసు వారి మీదే కడతారు. ఉదాహరణకు 600 మంది ఉన్న ఊరిలో ఏడేళ్లలోపు పిల్లలు 70 మంది, అక్షరాస్యులు 318 మంది అనుకుందాం. 600తో భాగిస్తే 53 శాతం, సరైన పద్ధతిలో 530తో భాగిస్తే 60 శాతం వస్తుంది. చదవడం వచ్చి రాయడం రానివారు అక్షరాస్యుల కింద లెక్కకు రారు.

అపోహ: పిల్లల్లో ఆడ-మగ నిష్పత్తి పడిపోయిన ఊళ్లో తప్పక ఏదో ఘోరం జరుగుతోంది.

వాస్తవం: ఈ ఒక్క అంకె ఎన్ని ఊళ్లను అన్యాయంగా బోనులో నిలబెట్టిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. ఏడేళ్లలోపు పిల్లలు 40 మందే ఉన్న ఊరిని తీసుకోండి. మగపిల్లలు 22 మంది, ఆడపిల్లలు 18 మంది అయితే నిష్పత్తి వెయ్యి మంది మగపిల్లలకు 818 మంది ఆడపిల్లలు. ఆ నలభై మందిలో ఒక్కరు అబ్బాయికి బదులు అమ్మాయి అయితే, అంటే 21, 19 అయితే, అదే నిష్పత్తి 905కు చేరుతుంది. ఒక్క కాన్పుతో ఇంతగా ఊగే సంఖ్య మీద ఆధారపడి గ్రామసభలో తల్లిదండ్రులను నిలదీయడం తగదు. భ్రూణహత్యలు లేవని నేను అనడం లేదు. వాటి జాడ మండలం, జిల్లా స్థాయిలో, వేల మంది పిల్లల మీద లెక్కించినప్పుడే నమ్మదగ్గ రీతిలో తెలుస్తుంది. చిన్న ఊరి పట్టికలో నేను నిష్పత్తి వేయను, ఆడపిల్లలు ఎందరో, మగపిల్లలు ఎందరో మాత్రమే రాస్తాను.

అపోహ: ‘ఉపాంత కార్మికులు’ అంటే పనిదొంగలు, లేదా నిరుద్యోగులు.

వాస్తవం: లెక్కకు ముందరి ఏడాదిలో ఆరు నెలలకంటే తక్కువ కాలం పని చేసినవారు ఉపాంత కార్మికులు, ఆరు నెలలు, అంతకుమించి చేసినవారు ప్రధాన కార్మికులు. వర్షాధారపు ఊళ్లో నాట్లకు, కలుపుకు, కోతలకు వెళ్లి, మిగతా కాలం పని దొరకని ఆడవాళ్లు ఎక్కువగా ఈ మొదటి గడిలో పడతారు. ఆ గడిలో సంఖ్య పెద్దదిగా ఉంటే ఆ ఊరికి వేసవిలో ఉపాధి పనులు కావాలని దాన్నే ఆధారంగా చూపి అడగవచ్చు.

అపోహ: ఇంట్లో ఎందరున్నారో నిజం చెబితే రేషన్ కార్డుకో పింఛనుకో ముప్పు వస్తుంది.

వాస్తవం: 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, ఎన్యూమరేటర్ రాసుకున్న వివరాలను ఇతరులు తనిఖీ చేసే హక్కు లేదు. బయటికి వచ్చేవి ఊరి మొత్తం అంకెలే, ఏ ఇంటి యజమాని పేరూ రాదు. 2027 గణనకు ఎన్యూమరేటర్ గడపలోకి వచ్చినప్పుడు, పసిబిడ్డలతో, మంచాన ఉన్న ముసలివారితో సహా ఇంట్లో ఉండే అందరి వివరాలూ రాయించండి.