పాత ఫైబర్ పడవలో చివికిన చెక్క: అపోహలు, వాస్తవాలు

ఫైబర్ చివకదు, దాని లోపల పొదిగిన చెక్క చివుకుతుంది. 1970ల నాటి తెరచాప పడవల్లో మొదట మాస్ట్ (తెరచాప స్తంభం) కింది దూలం, బల్క్‌హెడ్ల (పడవ లోపలి అడ్డుగోడల) అడుగు అంచులు చూడాలి.

అపోహ: పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోస్తే మెత్తబడ్డ చెక్క గట్టిపడుతుంది.
వాస్తవం: ఎపాక్సీ చెక్క నారల వెంట కొంత ఇంకుతుంది, అడ్డంగా దాదాపు పోదు. తడి చెక్కకైతే పట్టదు. పైన పెంకు కడుతుంది, లోపల గుజ్జు అలాగే ఉంటుంది. అనుమానమున్న చోట 5 మి.మీ. రంధ్రం వేసి చూడండి. పొట్టు నల్లగా, తడిగా వస్తే పూర్తిగా కోసి తీయాల్సిందే. కొత్త చెక్కలో తేమ 12 శాతం మించకూడదు.

అపోహ: చెక్క అచ్చు మాత్రమే, బరువు మోసేది ఫైబరే.
వాస్తవం: సగం నిజం. పైన ఫైబర్ పొర మందంగా ఉన్న స్ట్రింగర్‌లో (పడవ పొడవునా సాగే లోపలి పట్టీలో) చెక్కకు బదులు నురుగు (ఫోమ్) పెట్టినా నడుస్తుంది. మాస్ట్ కింద అలా కుదరదు. మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగల బిగువంతా అక్కడే దిగుతుంది. చెక్క నలిగితే డెక్ (పడవ పైకప్పు) కింద మాస్ట్ బరువు మోసే పోస్టు కుంగుతుంది, దాంతోపాటు డెక్ దిగుతుంది. తీగలు ఎన్నిసార్లు బిగించినా వదులవుతుంటే, లోపలి తలుపులు బిర్రుగా పడుతుంటే కారణం చాలాసార్లు ఇదే. ఇక్కడ గట్టి చెక్క పొరలు ఎపాక్సీతో అతికి వేయండి, లేదా జి-10 (గాజు గుడ్డ, ఎపాక్సీ కలిపి నొక్కిన గట్టి పలక) దిమ్మె పెట్టండి.

అపోహ: మెరైన్ ప్లై చివకదు.
వాస్తవం: వదలనిది జిగురు. పొరలు చెక్కే కదా! కోసిన ప్రతి అంచుకూ మూడు పూతల ఎపాక్సీ వేయాలి. 8 మి.మీ. బోల్టుకు 14 మి.మీ. రంధ్రం వేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ 8తో తొలవాలి. పాత చెక్క చివకడం మొదలయ్యేది ఇలాంటి పూతలేని రంధ్రాల దగ్గరే.

అపోహ: పాత పడవలో ఫైబర్‌ను గట్టిపరిచిన రెసిన్ పాలియెస్టర్ కాబట్టి కొత్తదీ అదే కావాలి.
వాస్తవం: గట్టిపడిన పాలియెస్టర్‌కూ చెక్కకూ ఎపాక్సీయే బాగా అతుకుతుంది. బల్క్‌హెడ్ అతికే చోట అసిటోన్‌తో జిడ్డు తుడిచి, 40 నంబరు ఉప్పుకాగితంతో ఇరువైపులా 100 మి.మీ. పైగా గీకండి. బల్క్‌హెడ్ హల్‌కు (పడవ ఒంటికి) నేరుగా తగలకుండా 6 మి.మీ. నురుగు పట్టీ పెట్టండి. తగిలితే బయట గీత తేలి అక్కడే పగులుతుంది. మూలలో 12 మి.మీ. వంపుతో పుట్టీ తీర్చి, అది జిగటగా ఉండగానే మూడు పొరల బయాక్సియల్ గుడ్డ (రెండు దిశల్లో పోగులున్న గాజు గుడ్డ) వేయాలి. వెడల్పు ఒక్కో పక్కకు 50, 75, 100 మి.మీ. ఎండలో ఎక్కువ ఎపాక్సీ ఒకేసారి కలపకండి, గిన్నెలోనే కాగిపోతుంది.

అపోహ: చివికిన చెక్కలన్నీ ఒకేసారి పీకేస్తే పని త్వరగా అవుతుంది.
వాస్తవం: హల్ ఆకారం తప్పుతుంది, తర్వాత ఏదీ సరిపోదు. మాస్ట్ దించి, ఊతాలు పెట్టి, ఒకటి తీసి ఒకటి బిగించండి. అట్ట నమూనా పాతది కదపకముందే తీసుకోవాలి. పాతది ముక్కలుగా ఊడినా పారేయకండి, కొత్తదానికి కొలతలు అందులోనే దొరుకుతాయి.