చేయి దూరని చోట డైనమో: వ్యాన్ నడిపేవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

ఇంజన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ని విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ చాలామంది డైనమో అనే అంటారు. నాకూ అదే అలవాటు. కారుకైతే బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది. ఓమ్ని, ఈకో లాంటి బళ్లలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తాలి, కింద పడుకుని దూరాలి, కొన్ని బోల్టులను వేళ్లతో తడిమి పట్టుకోవాలి. కాస్త ఓపిక, పానాల సెట్టు ఉన్నవాళ్లు ఈ పని సొంతంగా చేసుకోవచ్చు. కానీ అసలు మార్చాలా వద్దా అన్నది ముందు తేలాలి.

అపోహ: చార్జింగ్ లైటు వెలిగితే డైనమో పోయినట్టే.

నా దగ్గరకు వచ్చే బళ్లలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. మొన్న కంకిపాడు నుంచి క్యాటరింగ్ వ్యాన్ నడిపే కుర్రాడు వచ్చి, "అన్నా, డైనమో మార్చేయ్, రాత్రికి పెళ్లి ఆర్డరుంది" అన్నాడు. కొత్తది కొని తెచ్చేసుకున్నాడు కూడా. మీటరు పెట్టి చూస్తే డైనమో దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.3. అంటే డైనమో బాగానే ఉంది, కరెంటు దారిలోనే ఆగిపోతోంది. ప్లస్ టెర్మినల్ విప్పితే లోపలంతా పచ్చటి తుప్పు పొడి. వేడినీళ్లు, వంటసోడాతో కడిగి, తీగ కొస కోసి కొత్త లగ్గు వేస్తే సరిపోయింది. కొన్నది వెనక్కిచ్చి రమ్మన్నాను.

మామూలు మల్టీమీటరు ఒకటి చాలు. ఇంజన్ ఆపి కాసేపాగాక బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వరకు రావాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినప్పుడు 13 కంటే దిగితే చార్జింగ్ సరిపోవడం లేదు. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడైనట్టు. అలాగే నడిపితే బ్యాటరీ ఉడికిపోతుంది. డైనమో దగ్గరే తక్కువ చూపిస్తే బెల్టు జారుతోందేమో చూసి, ఆ తర్వాతే డైనమోని అనుమానించండి. అప్పుడు కూడా అరిగింది కార్బన్ బ్రష్షో, బేరింగో, డయోడ్ ప్లేటో అయితే వాటినే మార్పించుకోవచ్చు. మొత్తం పారేయక్కర్లేదు.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకినా బండి ఆగకపోతే డైనమో మంచిదే.

దయచేసి ఈ పరీక్ష మానేయండి. బ్యాటరీ లేకపోతే వోల్టేజి ఒక్కసారిగా ఎగుస్తుంది. డయోడ్లు కాలిపోతాయి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటరు) ఉన్న బండి అయితే అదీ పోవచ్చు.

అపోహ: తాళంచెవి తీసేశాం కదా, ఇక కరెంటు ఉండదు.

డైనమో వెనక ఉండే లావు తీగలో తాళం తీసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో స్టీలు గడియారంతోనే చేయి లోపలికి పెట్టాను. ఒక పక్క ఆ తీగ నట్టుకు, ఇంకో పక్క ఇంజన్ బాడీకి తగిలింది. గొలుసు ఎర్రగా కాలింది. మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. గడియారం, ఉంగరం, చేతి కడియం తీసేయండి. ముందుగా బ్యాటరీ మైనస్ విప్పండి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో పెట్టండి.

అపోహ: ఇంజన్ దించకుండా వ్యాన్ డైనమో బయటికి రాదు.

చాలా బళ్లలో వస్తుంది, తొందరపడకపోతే. ముందురోజు రాత్రే బోల్టుల మీద డబ్ల్యూడీ-40 కొట్టి నాననివ్వండి. తీగలు విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పొడవు బోల్టు సగం వచ్చి ఛాసిస్‌కు తగిలి ఆగిపోతే, దాన్ని వంచొద్దు. ఇంజన్ కింద చెక్క ముక్క వేసి జాకీతో బరువు ఆపి, ఆ వైపు మౌంటింగ్ బోల్టు వదులు చేసి కొద్దిగా ఎత్తితే దారి దొరుకుతుంది.

కొత్తది పెట్టేటప్పుడు చాలామంది ఇంకోచోట ఇరుక్కుంటారు. బ్రాకెట్ మధ్యలోకి అది దూరదు. పార్టు తప్పు ఇచ్చారని షాపుకు పరిగెడతారు. చాలా డైనమోలకు బోల్టు దూరే చెవిలో ఒక చిన్న ఇనుప బుష్ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది జరిగి బ్రాకెట్‌ను పట్టుకుంటుంది. పైకి ఎక్కించకముందే బల్ల మీద ఆ బుష్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి కొట్టుకుంటే సులువుగా కూర్చుంటుంది. చేతికి అందని నట్టు సాకెట్‌లోంచి జారిపోతుంటే, మధ్యలో కాగితం ముక్క పెట్టండి.

బండి కింద దూరేముందు జాకీ స్టాండ్లు తప్పనిసరి. ఉత్త జాకీనో, సిమెంటు ఇటుకలనో నమ్మొద్దు. ఆ ఇటుకలు చెప్పకుండా పగులుతాయి.

అపోహ: బెల్టు ఎంత బిగిస్తే అంత మంచి చార్జింగ్.

బేరింగ్ పోతుంది, అంతే. టెన్షనర్ (బెల్టును తనే బిగువుగా ఉంచే భాగం) లేని పాత రకం బెల్టుకు పొడవు భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మిల్లీమీటర్లు దిగాలి.

అపోహ: వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్‌ను ప్రెజర్‌తో కడిగితే డైనమోకి ఏమీ కాదు.

గాలి ఆడడానికి దానికి అన్ని వైపులా కన్నాలుంటాయి, నీళ్లూ అక్కడి నుంచే లోపలికి పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన బళ్ల డైనమోలు నేను విప్పాను. బ్రష్‌ల మధ్య మెత్తటి బురద ఎండి గట్టిపడి ఉంది. అప్పుడు శుభ్రం చేయించని బండి మీదైతే, చార్జింగ్ బాగున్నా ఒకసారి విప్పించి చూడండి.

అపోహ: కొత్త డైనమో డౌనైన బ్యాటరీని తనే నింపేస్తుంది.

పూర్తిగా పడిపోయిన బ్యాటరీ మీద గంటల తరబడి ఫుల్ లోడుతో పనిచేస్తే కొత్తది వేడెక్కి త్వరగా పోతుంది. బ్యాటరీని బయట చార్జింగ్ పెట్టించి తెచ్చుకున్నాకే ఇంజన్ స్టార్ట్ చేయండి.

అపోహ: డైనమోకీ బ్రేకులకీ సంబంధం లేదు.

పెట్రోల్ బండికి నిజమే. చాలా డీజిల్ వ్యాన్లలో డైనమో వెనకే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేకు బూస్టర్‌కు శక్తి దాన్నుంచే. దానికి ఆయిల్ పైపు, వ్యాక్యూమ్ గొట్టం ఉంటాయి. ఆయిల్ పైపు సరిగ్గా బిగించకపోతే పంపు ఎండి అరిగిపోతుంది, ఇంజన్ ఆయిల్ కూడా కారిపోతుంది. బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఇంటి ముందే నాలుగైదు సార్లు బ్రేకు తొక్కి చూడండి. పెడల్ రాయిలా గట్టిగా ఉంటే గొట్టం మళ్లీ చూసుకోండి. అది సరయ్యేదాకా బండి కదపొద్దు.