ర్యామ్ పెంచాలనుకుంటున్నారా? కౌంటర్ దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

"సిస్టమ్ స్లో అయిందండీ, ఇంకో ర్యామ్ వేసేయండి." విజయవాడ గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా కంప్యూటర్ షాపుల్లో తరచూ వినిపించే మాట ఇది. 2025 చివరి నుంచి ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) ధరలు బాగా పెరిగాయి. తయారీ కంపెనీలు ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు మళ్లడం దానికి ముఖ్య కారణం. కాబట్టి ఇప్పుడు ఊహ మీద కొనకండి, కొలిచి కొనండి.

అపోహ: స్లో అయిందంటే ర్యామ్ చాలడం లేదన్నమాట.

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. రోజూ వాడేవన్నీ ఒకేసారి తెరవండి: ట్యాలీ, క్రోమ్‌లో మామూలుగా ఉండే ట్యాబులు, వాట్సాప్, పిల్లల ఆన్‌లైన్ క్లాసు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ, డిస్క్ రెండూ చూడండి. మెమరీ 50-60 శాతం దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 దగ్గర నిలిచిపోతే తప్పు పాత హార్డ్ డిస్క్‌ది. అక్కడ 16 జీబీ వేసినా తేడా కనిపించదు, హార్డ్ డిస్క్ బదులు సాటా ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో పనిచేసే వేగవంతమైన డిస్క్) వేస్తే కనిపిస్తుంది.

రెండూ నిండిపోయి ఉంటే మాత్రం ర్యామే ముందు. ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి నెడుతుంది, డిస్క్ పరుగులు పెట్టేది అందుకే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ కింద 'కమిటెడ్' దగ్గరి మొదటి అంకె మీ ర్యామ్ కంటే బాగా ఎక్కువగా ఉండటం దీనికి గట్టి సూచన.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత స్పీడు.

చాలినంత ఉన్నాక మిగిలింది ఖాళీగా కూర్చుంటుంది. బిల్లింగ్‌కీ, బ్రౌజింగ్‌కీ 8 జీబీతో నడిచిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచే ఇంజనీరింగ్ విద్యార్థికి 16 కావాలి. ఫ్లెక్సీ డిజైన్ చేసేవాళ్ల లెక్క వేరు. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని 100 డీపీఐలో (అంగుళానికి 100 చుక్కలు) చేస్తే 24,000 × 12,000 పిక్సెళ్లు. సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి) పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే నిండుగా ఉన్న ఒక్క లేయరుకే 1 జీబీ దాటుతుంది. నాయకుల ఫొటోలు, బ్యాక్‌గ్రౌండ్, షాడోలు, వెనక్కి వెళ్లడానికి దాచుకునే హిస్టరీ కూడా కలిస్తే 16 జీబీ తేలిగ్గా అయిపోతుంది. వాళ్లు 32 వేసుకోవడం దుబారా కాదు.

అదే అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద పనిచేసే డీటీపీ సెంటర్‌కు 32 జీబీ అనవసరం. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామ్, ఎంత వేసినా అది 4 జీబీ దాటి వాడుకోలేదు. పాత 32 బిట్ విండోస్ 7 ఇంకా నడుపుతున్నవాళ్లయితే మరీ జాగ్రత్త. అక్కడ మొత్తం సిస్టమ్‌కే 4 జీబీ హద్దు, అందులోనూ చేతికందేది 3 జీబీ పైన కొంచెమే.

అపోహ: డీడీఆర్ ఏదైనా ఒకటే, గట్టిగా నొక్కితే దిగుతుంది.

దయచేసి నొక్కకండి. డీడీఆర్ పక్కనున్న అంకె ర్యామ్ ఏ తరానిదో చెబుతుంది. డెస్క్‌టాప్‌లో డీడీఆర్3కి 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కీ 288 పిన్నులే, కానీ 1.1 వోల్టులు, గాటు ఉండే చోటు వేరు. బలవంతం చేస్తే స్లాటే విరుగుతుంది. మీ బోర్డుకు ఏది సరిపోతుందో సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్, మెమరీ పేజీలు చూస్తే తెలుస్తుంది. అంతకంటే తేలిక, పాత స్టిక్ తీసి షాపుకు పట్టుకెళ్లడం. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్న, ఇంటెల్ ప్రాసెసర్లకు వాడే పాత హెచ్61 బోర్డులకు రెండే స్లాట్లు, మొత్తం 16 జీబీ హద్దు. వాటికి డీడీఆర్3 కొనేటప్పుడు 'ఏఎండీ బోర్డులకు' అని అమ్మే చౌక స్టిక్కులు తీసుకోవద్దు, ఇంటెల్ బోర్డు వాటిలోని చిప్పులను గుర్తించదు.

అపోహ: వేర్వేరు కంపెనీల ర్యామ్‌లు కలపకూడదు.

ఒకే తరానివైతే చాలావరకు కలుస్తాయి. రెండూ తక్కువ స్పీడు ఉన్నదాని లెక్కలోనే నడుస్తాయి. ఇంటెల్ బోర్డులో 4, 8 కలిపి వేస్తే 8 జీబీ డ్యూయల్ చానల్‌లో (రెండు స్టిక్కులనూ ఒకేసారి వాడుకునే పద్ధతి), మిగతా 4 సింగిల్‌లో నడుస్తాయి, నష్టమేమీ లేదు. కొత్తగా కొనేటప్పుడు మాత్రం 8 జీబీవి రెండు జతగా తీసుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఆటలకు దీనివల్ల స్పష్టమైన తేడా వస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి.

"3200 స్పీడు అని చెప్పి 1600ది అంటగట్టారు" అని షాపువాళ్లతో గొడవపడేవాళ్లూ ఉన్నారు. సీపీయూ-జెడ్ చూపించేది అసలు క్లాక్, డీడీఆర్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి చదవాలి. 3200 స్టిక్‌కు టాస్క్ మేనేజర్‌లో 2400 లేదా 2666 కనిపిస్తుంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడులో నడిపించే సెట్టింగు, ఆన్ చేయండి. ప్రాసెసర్, బోర్డు అంతకు మించి ఒప్పుకోకపోతే మాత్రం పెరగదు.

అపోహ: మన ఎండలకు హీట్‌సింక్ (వేడి లాగే రేకు) ఉన్న ర్యామే కొనాలి.

చిప్పులు మామూలుగా 85 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. మే నెలలో ఊరంతా 45 డిగ్రీలున్నా మామూలు స్పీడులో నడిచే డీడీఆర్4కి రేకు అక్కర్లేదు. మన దగ్గర అసలు శత్రువులు తేమ, దుమ్ము. బంగారు పూత ఉన్న అంచు మీద పొర కట్టి, ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే డిస్‌ప్లే రాదు, బోర్డుకు స్పీకర్ ఉంటే ఆగకుండా బీప్ కొడుతుంది. ఎరేజర్‌తో రుద్దితే పనిచేసే మాట నిజమే. కానీ గట్టిగా రుద్దితే పూత అరుగుతుంది, పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన, నూలు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి.

బిగించేటప్పుడు ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. స్టిక్‌ను రెండు చివర్లా పట్టుకుని, గాటు సరిచూసి, బొటనవేళ్లతో ఒక చివర, తర్వాత రెండో చివర 'టక్' మనేదాకా దించండి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది, రెండోవైపు సరిగా దిగిందో లేదో కంటితో చూసుకోవాలి. కొత్త ర్యామ్ వేశాక డిస్‌ప్లే రాకపోవడానికి మొదట అనుమానించాల్సింది సగం దిగిన స్టిక్‌నే. డీడీఆర్5 అయితే మొదటిసారి రెండు మూడు నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు, బోర్డు ర్యామ్‌ను సరిచూసుకుంటోంది. మధ్యలో ఆపేయకండి.

విండోస్ తెరుచుకుందంటే ర్యామ్ బాగున్నట్టు కాదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ముందు ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ చూడండి, అప్పటికీ వస్తే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి ఏది చెడ్డదో తేల్చుకుని, బిల్లుతో షాపుకు వెళ్లండి. స్టిక్ మీది సీరియల్ నంబర్ స్టిక్కర్ చిరిగితే వారంటీ దగ్గర పేచీ వస్తుంది, దాన్ని పీకకండి.