అలల్లేని చోటు చూపించమనేవాళ్ల కోసం: కొన్ని అపోహలు, వాస్తవాలు

రుషికొండలో సర్ఫింగ్, కయాకింగ్ నేర్పడం మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది. ఆదివారం వచ్చిందంటే కనీసం నాలుగు కుటుంబాలవాళ్లు వచ్చి ఒకటే మాట అడుగుతారు. "అన్నా, పిల్లలున్నారు, కాస్త అలల్లేని చోటు చూపించు, దిగుతాం." నేను నోరు తెరిచేలోపే ఇంటాయన వేలు చాపి, "అదిగో, అక్కడ నీళ్లు నిలకడగానే ఉన్నాయిగా" అంటాడు. ఆయన వేలు చూపించేది చాలాసార్లు రిప్ కరెంట్ వైపే, అంటే ఒడ్డు నుంచి మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహం వైపే. మొన్న ఆదివారం ఒకే పూటలో మూడుసార్లు ఇదే జరిగింది. ఇక చెప్పి చెప్పి గొంతు పోయి, రాసి పెడుతున్నాను.

అపోహ: అలల్లేని చోట దిగితే ప్రమాదం లేదు.

వాస్తవం: మన తీరంలో మనుషుల్ని మింగే నమ్మకం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒడ్డుకి కాస్త అవతల నీళ్లకింద ఇసుక మేట ఉంటుంది. అల దాని మీదికి రాగానే లోతు తగ్గి విరుగుతుంది, నురగ కక్కుతుంది. ఆ నీళ్లన్నీ మేట దాటి ఇవతలికి వచ్చి పడతాయి. వచ్చినవి మళ్లీ వెనక్కి పోవాలి కదా. చెరువు గట్టుకి గండి పడితే నీరంతా అటే పరిగెత్తినట్టు, మేటలో ఎక్కడ పల్లం దొరికితే అక్కడినుంచి లోపలికి దూసుకుపోతాయి. పోతూ పోతూ అడుగున ఇసుకని తోడేసి దారిని ఇంకా లోతు చేస్తాయి. లోతున్న చోట అల విరగదు. అందుకే ఒడ్డు మీంచి చూస్తే అటూ ఇటూ నురగ, మధ్యలో చదునైన నీళ్లు కనిపిస్తాయి. పిల్లల్ని దింపడానికి దేవుడిచ్చిన కొలనులా ఉంటుంది.

మాటల్తో నమ్మని వాళ్లకి నేను బొండాంతో చూపిస్తాను. తాగేసిన బొండాం ఒకటి నురగలోకి విసిరితే, రెండు మూడు కెరటాలు దాన్ని దొర్లించి మళ్లీ మా కాళ్ల దగ్గరికే తెచ్చి పడేస్తాయి. ఇంకోటి ఆ చదును నీళ్లలోకి విసురుతాను. అది కాసేపు ఏమీ ఎరగనట్టు అక్కడే ఊగుతుంది. తర్వాత ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు, తిన్నగా లోపలికి బయల్దేరుతుంది. ఒక్క అల కూడా దాన్ని వెనక్కి తోయదు. నిమిషం తిరక్కుండానే అలలు విరిగే గీత దాటిపోయి చిన్న చుక్కైపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, పెద్దవాళ్ల మొహాలు మారిపోతాయి. (తర్వాత కయాక్ మీద వెళ్లి దాన్ని తెచ్చేస్తాను. 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న బీచ్ మాది, చెత్త వదిలితే ముందు మావాళ్లే తిడతారు.)

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. దిగేముందు ఎత్తున్న చోట నిలబడి అయిదు నిమిషాలు చూడండి. రెండు నురగల మధ్య నురగ లేని పట్టీ, ఇసుక కలిసి గోధుమరంగు తిరిగిన నీళ్లు, లోపలివైపు కొట్టుకుపోతున్న నురగ, చెత్త కనిపిస్తే అటు వెళ్లకండి. పోయిన నెల ఇక్కడే స్నానం చేశామనే ధీమా కూడా పనికిరాదు. ఇసుక మేటలు కదులుతాయి, వాటితోపాటు గండీ కదులుతుంది. ఆర్కే బీచ్‌లో ఇసుక కోత చూస్తూనే ఉన్నాం, ఒక్క తుపాను గాలికి తీరం రూపే మారిపోతుంది.

అపోహ: నాకు ఈత వచ్చు, నన్నేం చేస్తుంది?

వాస్తవం: మామూలు రిప్పు సెకనుకి అర మీటరు చొప్పున లాగుతుంది. గట్టిదైతే రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ఈత గెలిచేవాడు ఇరవయ్యొక్క సెకన్లకి కాస్త అటూ ఇటూగా పూర్తిచేస్తాడు. అంటే సెకనుకి రెండు మీటర్ల పైచిలుకు, అదీ ఆ కాసేపే. మనమెంత?

నేను తగరపువలసవాణ్ణి. గోస్తనిలో ఈదుతూ పెరిగాను. ఆ గీరతోనే ఇంజనీరింగ్ రెండో ఏడాది స్నేహితులతో యారాడ వెళ్లి, నడుంలోతు నీళ్లలో ఆడుకుంటూ, కాసేపటికి చూసుకుంటే కాళ్లకింద నేల లేదు. ఒడ్డు ఎదురుగానే ఉంది, మావాళ్ల కబుర్లు వినిపిస్తున్నాయి. ఒడ్డుకేసి ఈదాను. బార మీద బార వేస్తున్నాను, ఒడ్డు మీద నేను గుర్తుపెట్టుకున్న కొబ్బరిచెట్టు మాత్రం చిన్నదవుతోంది. చేతులు బరువెక్కాయి, నోట్లోకి నీళ్లు పోయాయి. ఇక ఈదలేక వెల్లకిలా పడ్డాను. తెలివితో కాదు, ఓపిక లేక. అదే నన్ను కాపాడింది. అలలు విరిగే చోటు దాటాక లాగుడు దానంతటదే ఆగింది. నీళ్లు నన్ను పక్కకి తీసుకెళ్లాయి, నాలుగైదు కెరటాలు దొర్లించి ఇసుక మీదికి తోసేశాయి. చాలా దూరం నడిచి వెనక్కి వస్తే, మావాళ్లు బిర్యానీ పొట్లాలు విప్పుతున్నారు. "ఏట్రా, అంతసేపు ఎక్కడికెళ్లిపోనావు?" అన్నాడొకడు. నేను చేసిందంతా సరదా ఈత అనుకున్నారు. మునిగిపోయేవాడు సినిమాలోలా కేకలు వెయ్యడు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇంక అరిచేదెక్కడ?

రిప్పు కిందకి లాగదు, లోపలికి లాగుతుంది. మనిషిని ముంచేది దానికి ఎదురీదడం, ఆ ఎదురీతలో వచ్చే ఆయాసం, భయం. చిక్కుకుంటే వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తి ఊపండి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. ఒకవైపు పోలేకపోతే రెండోవైపు. నురగ కనిపించే చోటికి చేరాక అలతోపాటు ఒడ్డుకి రండి. ఇన్నాళ్లూ మీరు భయపడ్డ ఆ అలలే మిమ్మల్ని బయటికి తోసేవి.

ఒడ్డు మీదున్నవాళ్లకి ఇంకో మాట. ఒకడు కొట్టుకుపోతుంటే ఇంకో ముగ్గురు దూకేస్తారు. "ఒకరిని కాపాడబోయి మరొకరు" అని పేపర్లో చదివేదంతా ఇదే. దూకకండి. తేలేది ఏదైనా విసరండి. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ అయినా, థర్మకోల్ పెట్టె అయినా, ఫుట్‌బాల్ అయినా సరే. లైఫ్ గార్డుని పిలవండి, 112కి కొట్టండి, మనిషి మీంచి చూపు తిప్పకండి.

అపోహ: మునిగినవాడి పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

వాస్తవం: దీని దగ్గర నాకు సహనం ఉండదు. భుజానేసుకుని గిరగిరా తిప్పడం, తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట మీద కూర్చోవడం, అన్నీ చూశాను. పొట్ట నొక్కితే వచ్చేది తిన్న తిండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలే ఉన్న కాస్త సమయం దానికే పోతుంది. మునిగినవాడికి కావలసింది గాలి. పిలిస్తే పలక్కుండా, ఊపిరి లేకుండా ఉంటే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు నోట్లోకి ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊదడం, 108 వచ్చేదాకా అంతే. ఒక్క పూట శిక్షణతో వచ్చే పని ఇది. అపార్ట్‌మెంటుకి ఒకరైనా నేర్చుకుంటే బాగుణ్ణు.

ఇక్కడే తల్లులు అడిగేది ఇంకోటి. పిల్లాడు నాలుగు గుటకలు ఉప్పునీళ్లు మింగాడు, వాట్సాప్‌లో వచ్చింది, వారం తర్వాత నిద్రలోనే పోతారట కదా? అమ్మా, భయపడకండి. ఆడుతూ పాడుతూ బాగున్న పిల్లాడికి వారం తర్వాత హఠాత్తుగా ఏమీ అవదు. నీళ్లు నిజంగా ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ఆ కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. ఆగని దగ్గు, ఎగశ్వాస, మత్తుగా పడుండటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

లైఫ్ జాకెట్ వేసుకుంటే చాలు అనుకుంటారు. బకిళ్లు పెట్టకపోతే అది చొక్కాతో సమానం. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవులదాకా వస్తే అది మీ సైజు కాదు. బీచ్‌లో అద్దెకిచ్చే టైరు ట్యూబు అసలు లెక్కలోకే రాదు. గాలికి అదే మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తుంది.

ఎండ కాస్తోంది, గాలి లేదు, సముద్రం శాంతంగానే ఉంటుంది అనేది ఇంకోటి. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన లేచిన తుపాను అలలు రోజుల తరబడి ప్రయాణించి, ఇక్కడ ఆకు కదలని రోజున కూడా వచ్చి కొడతాయి. సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు ఎత్తైన అలల గురించి ముందే హెచ్చరిస్తారు. సముద్రమే లేని హైదరాబాదు నుంచి మన సముద్రం కబురు వస్తుందని మావాళ్లు నవ్వుతారు గానీ, నేను పొద్దున్నే అది చూడందే బోర్డు బయటికి తియ్యను.

షార్కులా? ఇన్నేళ్లలో నన్ను కరిచింది ఊళ్లో కుక్క ఒక్కటే.

స్కూబా సంగతి కాస్త చెప్పాలి. వీపు మీదుండేది ఆక్సిజన్ సిలిండర్ కాదు, మనం పీల్చే మామూలు గాలినే నొక్కి నింపింది. అందులో ఐదింట నాలుగు వంతులు నత్రజనే. లోతుకి దిగినకొద్దీ అది ఒంట్లో కరుగుతుంది, పైకి వచ్చాక మెల్లగా బయటికి పోవాలి. ఆలోగా మీరు ఎత్తుకి ఎక్కేస్తే, సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. అందుకే ఒక్కసారి దిగితే 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. 600 మీటర్ల ఎత్తు దాటితే ఈ లెక్క కొండలకీ వర్తిస్తుంది. అరకు 900 మీటర్ల పైమాటే, దారిలో సిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. పొద్దున స్కూబా, మధ్యాహ్నం అరకు అని రెండు రోజుల ప్లాన్ వేసుకుని వస్తారు చాలామంది. తక్కువ లోతులో ఇరవై నిమిషాల డైవ్‌కి ముప్పు తక్కువే, కానీ ఆ రిస్కు తీసుకోవలసిన అవసరం ఏముంది? ముందు అరకు చూసుకుని రండి, మర్నాడు నీళ్లలోకి దిగండి.